విడిదింట్లో విప్పని పరుపుచుట్టలు

నేను చదివిన చదువు పేరు మా ఊళ్ళో పైకి చెప్పడానికి నాకు చాలా కాలం ధైర్యం చాలలేదు. అరవయ్యో దశకం అది. మాది పోచంపల్లి. మా ఇంట్లో బాపు మగ్గం మీద కూర్చునేవాడు, అన్న కూర్చునేవాడు, నేను బడికి పోయి వచ్చి నూలు కండెలు చుట్టేవాణ్ణి. మా హెడ్మాస్టరుగారు పేపర్లో ఏదో ప్రకటన చూసి, మద్రాసులో హోటళ్ళూ లాడ్జీలూ నడపడం నేర్పే మూడేళ్ళ చదువుకు నా చేత దరఖాస్తు పెట్టించారు. సీటు వచ్చింది, సర్కారు స్కాలర్‌షిప్పు కూడా వచ్చింది.

అందులో ఏం నేర్పుతారని బాపు అడిగాడు. నేను దాచకుండా చెప్పాను. వంట, వడ్డన, గదులు సర్దడం, పక్కలు పరవడం.

బాపు మగ్గం ఆపి నా వైపు చూశాడు. "మంచాలు పరుసుడు నేర్వనీకి మద్రాసు దాంక పోవాల్నా?" అన్నాడు.

ఇప్పుడు మీలాంటి పిల్లలు కోటు తొడుక్కుని, టై కట్టుకుని ఈ చదువు చదువుతున్నారు. మీ అమ్మానాన్నలు నలుగురికీ గొప్పగా చెప్పుకుంటున్నారు. చూస్తే నాకు కాస్త కుళ్ళుగానే ఉంటుంది, దాచడం ఎందుకు. మా అమ్మ మాత్రం ఎవరైనా అడిగితే "మా పిల్లగాడు మద్రాసుల సదువుతుండు" అని అక్కడితో మాట మార్చేసేది.

మద్రాసులో మొదటి ఏడాది ఉల్లిగడ్డలు తరగడంతోనే గడిచింది. రెండో ఏడాది పక్కలు పరవడం వచ్చింది. తెల్లటి దుప్పటి, ఎక్కడా ముడత ఉండకూడదు, మూలల దగ్గర కవరు అంటించినట్టు మడిచి పరుపు కిందికి బిగించి తోసేయాలి. మాకు నేర్పిన మేడమ్ మహా ఖచ్చితమైన మనిషి. ఆవిడ రోజూ చెప్పే మాట ఒకటే: గది తలుపు తీసేసరికి అతిథికి పని కనబడకూడదు, పూర్తయిన పనే కనబడాలి. చేసే మనిషి అసలే కనబడకూడదు. నేను ఆ మాటను జందెం వేసుకున్నంత శ్రద్ధగా వంటబట్టించుకున్నాను. పక్క పరవడంలో క్లాసులో నాకే ఫస్టు వచ్చింది. ఇంటికి రాసిన ఉత్తరంలో ఫస్టు వచ్చిందని రాశాను గానీ దేంట్లోనో రాయలేదు.

చదువు అయిపోయాక పెద్ద ఊళ్ళలో ఉద్యోగాలు వెతుక్కున్నాను. ఎక్కడా కుదరలేదు. చివరికి మహబూబ్‌నగర్ నుంచి పిలుపు వచ్చింది. అక్కడ పల్లికాయ వ్యాపారం చేసే సేటు ఒకాయన బస్టాండు దగ్గర మేడ కట్టి, పైన పన్నెండు గదులు వేశాడు. గదికి రెండు మంచాలు. హైదరాబాదులో లాడ్జీలు చూసి వచ్చి పాలమూరులో అలాంటిది ఎందుకు ఉండకూడదని ఆయన పట్టుదల. నన్ను ఏమీ అడగలేదు. నా సర్టిఫికేటు తీసుకుని అద్దం కట్టించి గల్లా వెనకాల గోడకు తగిలించాడు.

నాతో పాటు పనిచేసిన వాళ్ళలో ఇద్దరి గురించి మీకు చెప్పాలి. ఒకరు మున్షీ సాబ్. నిజాం కాలంలో ఏదో ముసాఫిర్‌ఖానాలో, అంటే బాటసారుల సత్రంలో, చేసి వచ్చిన పెద్దమనిషి. వచ్చిన వాళ్ళ పేర్లు రిజిస్టరులో ఉర్దూలో రాసేవారు. పేరు, ఊరు, వృత్తి, వచ్చిన పని అని నాలుగు కాలమ్‌లు. వచ్చిన పని దగ్గర ఆయన కలం ఎప్పుడూ మూడు మాటలే రాసేది: కచేరీ, దవాఖాన, పెండ్లి. కోర్టుకో ఆఫీసుకో, ఆసుపత్రికో, పెండ్లికో తప్ప జిల్లా కేంద్రానికి జనం ఇంకెందుకు వస్తారు. రెండో మనిషి బట్టలుతికే చాకలి పెద్దమ్మ. యాభై దాటిన మనిషి, నవ్వితే కళ్ళు మూసుకుపోయేవి. ఆమె వెనక తలుపు నుంచి వచ్చి మాసిన దుప్పట్లు తీసుకుని, ఉతికినవి అప్పజెప్పి, వెనక తలుపు నుంచే పోవాలని నేను మొదటి రోజే నియమం పెట్టాను. అతిథికి పనిమనిషి కనబడకూడదు కదా.

మొదటి అతిథి కోస్గి వైపు నుంచి కచేరీ పని మీద వచ్చిన ఒక పట్వారీ, ఊరి లెక్కలు రాసే మనిషి. నేనే పైకి తీసుకెళ్ళి గది తలుపు తీశాను. నేను పొద్దున్నే పరిచిన రెండు మంచాలు, తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి దుప్పటి బిగించి, కిటికీ వెలుతురులో మెరిసిపోతున్నాయి. మా మేడమ్ చూస్తే వందకు వంద వేసేది. పట్వారీ గుమ్మంలోనే ఆగిపోయాడు. భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఎవలు పోయిండ్రు బాబూ గీ రూముల?" అని మెల్లగా అడిగాడు.

ఎవరూ పోలేదని, ఇది పడుకునే పక్క అని చెప్పాను. ఆయన తల ఊపి, కిందికి దిగి, కచేరీ వరండాలో పడుకోవడానికి వెళ్ళిపోయాడు. మున్షీ సాబ్ రిజిస్టరులో ఆయన పేరు కొట్టేస్తూ, "మేనేజర్ సాబ్, మీ సర్టిఫికేట్ గోడ మీద మంచిగున్నది. మంచం మీద ఎవరన్న పండుకుంటె ఇంక మంచిగుంటది" అన్నారు.

నాకు కోపం వచ్చింది. జనానికి నాగరికత తెలియదని రెండు వారాలు తిట్టుకున్నాను. ఆ తర్వాత కోపం దిగి బుద్ధి పనిచేసింది. నేను పరిచింది శవం మీద కప్పే తెల్లగుడ్డలా ఉంది మరి. తలెత్తకుండా బాపుకు ఉత్తరం రాశాను, ఎర్ర అంచు, నీలం గళ్ళ దుప్పట్లు నేసి పంపమని. ఎందుకని ఆయన అడగలేదు. నాలుగు డజన్లు బస్సు మీద వచ్చాయి. వాటిని పరిచాక గదులు చూసి ఎవరూ పారిపోలేదు. అయితే కొత్త వింత మొదలైంది. వచ్చిన వాళ్ళు గది తీసుకునేవారు, నేను పరిచిన పక్కను ముట్టుకోకుండా మంచాన్ని గోడకు జరిపి, తమ వెంట తెచ్చుకున్న పరుపుచుట్ట విప్పి నేల మీద వేసుకుని పడుకునేవారు. ఊరికి బయల్దేరిన వాడు బిస్తర్ కట్టుకోకుండా గడప దాటని రోజులవి. పరాయి పక్క మీద పడుకోవడమంటే పరాయి వాడి ఎంగిలి తిన్నట్టే. నేల మీదే పడుకునేటట్టయితే సత్రం చాలు కదా, డబ్బులిచ్చి లాడ్జీకి ఎందుకు రావాలి. ఒకసారి వచ్చినవాడు రెండోసారి రాలేదు.

పెద్దమ్మ నాలుగైదు సార్లు ఏదో చెప్పబోయింది. "సారూ, నేను ఉతికి తెస్త, మీరు తలుపు పెట్టుకొని పరుస్తరు. ఎవలు పరిసిండ్రో, ఎప్పుడు పరిసిండ్రో ఆళ్ళకు ఎట్ల ఎరుక?" అంది ఒకరోజు. పరిచేటప్పుడు ఎవరూ చూడకపోవడమే గొప్ప అని నేను ఆమెకు పాఠం చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుని నవ్వి దుప్పట్ల మూట ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ నవ్వుకు అర్థం తెలుసుకునేంత తెలివి అప్పటికి నాకు లేదు.

దసరా వెళ్ళింది. సేటు ఒకరోజు పైకి వచ్చి ఖాళీ గదులన్నీ తిరిగి చూశాడు. గోనెసంచుల కట్టలు తెప్పించి మెట్ల కింద పెట్టించాడు.

"మేనేజరూ, పల్లికాయ మార్కెట్లకు వస్తున్నది. నాకు జాగ చాలుతలేదు. మా తమ్ముని బిడ్డ పెండ్లి ఉన్నది గద, మగపెండ్లోళ్ళకు విడిది గీడనే ఇస్తున్న. గా రెండు దినాలు చూస్త. ఆళ్ళు మంచాల మీద పండుకుంటె లాడ్జి ఉంటది. బిస్తర్లు ఇప్పి నేల మీద ఏసుకున్నరంటె తెల్లారి బస్తాలెక్కిస్త. నిన్ను తిట్టను, నీ ఇంటికి నువ్వు పో" అన్నాడు.

ఆయన మంచిగానే చెప్పాడు, అదే మరీ కష్టంగా అనిపించింది. గోడ మీది సర్టిఫికేటు తీసుకుని మా ఊళ్ళో బస్సు దిగడం ఊహించుకున్నాను. మద్రాసులో మంచాలు పరవడం నేర్చుకుని వచ్చి మళ్ళీ కండెలు చుట్టుకుంటున్నాడని నా ముందర ఎవరూ అనరు. వెనకాల మాత్రం ఏళ్ళ తరబడి చెప్పుకుని నవ్వుకుంటారు. బాపు ఏమీ అనడు. అదే అన్నిటికంటే భయం వేసింది.

పెండ్లికి ముందురోజు మగపెండ్లివారి తరఫున పెండ్లికొడుకు చిన్నాన్న గదులు చూడటానికి వచ్చాడు. బాగున్నాయన్నాడు. వెళ్తూ వెళ్తూ, "మా అవ్వ పరాయి పక్క మీద పండుకోదు. ఆమె పండుకోకుంటె ఇంక ఎవలు పండుకోరు. బిస్తర్లు మేం తెచ్చుకుంటం, మీరేం ఫికర్ చెయ్యకున్రి" అన్నాడు. ఆ అవ్వ పెండ్లికొడుకు నాయనమ్మ. ఆ ఇంట్లో ఆమె మాటే మాట. ఆ మనిషి నాకు భరోసా ఇచ్చాననుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే లేచి ఇరవై నాలుగు మంచాలూ పరిచాను. చూసుకుని, తృప్తి లేక, మళ్ళీ తీసి మళ్ళీ పరిచాను. పది గంటలకు కోస్గి నుంచి మగపెండ్లివారి బస్సు వచ్చి లాడ్జీ ముందు ఆగింది. బస్సు టాపు మీద పరుపుచుట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చి తాళ్ళతో కట్టి ఉన్నాయి. వాటిని చూడగానే మెట్ల కింది గోనెసంచులు గుర్తొచ్చాయి.

ఆడపెండ్లివారు ఎదురొచ్చారు. సన్నాయి మొదలైంది. మా పెద్దమ్మ కూడా అక్కడ ఉంది, లాడ్జీ పని మీద కాదు. ఆడపెండ్లివారి ఇంటి చాకలి ఆమే కాబట్టి, మగపెండ్లివారు నడిచి రావడానికి చీరలు పరవడం ఆమె హక్కు. మా వైపు పెండ్లిళ్ళలో ఇది చూసే ఉంటారు. బస్సు మెట్టు దగ్గర నుంచి గుమ్మం దాకా ఉతికిన చీరలు పరుస్తారు, నడిచి దాటిన చీరను వెనక నుంచి తీసి మళ్ళీ ముందర పరుస్తూ వస్తారు. అవ్వ బస్సు దిగింది. సన్నటి మనిషి, నడుం వంగలేదు. పెద్దమ్మ చీర దులిపి ఆమె కాళ్ళ ముందు పరిచింది. అవ్వ తల ఎత్తుకుని, రాణిలా, దాని మీద నడిచి వచ్చింది.

నేను గుమ్మంలో నిలబడి ఆ చీర వైపే చూస్తున్నాను. పెద్దమ్మకు ఉతకడానికి వచ్చిన చీరల్లో ఒకటి అది. ఊళ్ళో ఎవరిదో, ఎవరు కట్టి విడిచిందో. అవ్వ ఆ మాట అడగలేదు. అడగాలని ఆమెకు తోచనే లేదు. ఉతికిన బట్టను ఉతికిన మనిషే కళ్ళ ముందు విప్పి, దులిపి, తన కోసం పరిచింది. ఇంకేం అడగాలి. అది పరాయి బట్ట కాదు, మర్యాద.

రెండేళ్ళు బుర్రకెక్కిన పాఠం ఒక్క నిమిషంలో దిగిపోయింది. నేను మున్షీ సాబ్ దగ్గరికి పరుగెత్తాను.

"మున్షీ సాబ్, ఎట్లనన్న జేసి వీళ్ళను పావుగంట కింద ఆపున్రి."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచి పెట్టుకుని, రిజిస్టరు తెరిచి, "జర అందరి పేర్లు రాయాలె, సర్కారు కానూన్" అని మొదలుపెట్టారు. పేరు, ఊరు, వృత్తి, వచ్చిన పని. పెండ్లి బట్టల్లో సన్నాయి మధ్య నిలబడిన మనిషిని వచ్చిన పని ఏమిటని అంత గంభీరంగా అడిగిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

నేను పైకి పోయి పన్నెండు గదుల్లో నేను పరిచిన పక్కలన్నీ నా చేత్తోనే పీకేశాను. మూలల దగ్గర బిగించిన కవరు మడతలన్నీ లాగి పారేశాను. అంత సంతోషంగా పని పాడుచేయడం నా జన్మలో అదే మొదలు, అదే ఆఖరు. ఆ పొద్దున్నే పెద్దమ్మ ఉతికి తెచ్చిన దుప్పట్ల రెండో జత పెట్టెలోంచి తీసి బయట పెట్టి, కిటికీలోంచి పెద్దమ్మను పిలిచాను. ఆమె తన ఇద్దరు కోడళ్ళను వెంటేసుకుని, నేను వచ్చాక మొదటిసారి, ముందర మెట్ల మీది నుంచి పైకి వచ్చింది.

"పెద్దమ్మా, వాళ్ళు వచ్చినంక, వాళ్ళు చూస్తుంటె నువ్వే పరువాలె" అన్నాను.

"నేన్ జెప్తనే ఉన్న గద సారూ" అంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. నేనయితే అని ఉండేవాణ్ణి.

అవ్వ పైకి వచ్చింది. వెనకాలే మనుమడి వరస పిల్లవాళ్ళు పరుపుచుట్టలు మోసుకుని ఎక్కుతున్నారు. ఒకటో నంబరు గది తలుపు తీశాను. మంచం మీద ఉత్త పరుపు. అవ్వ నొసలు ముడిచింది. ఏదో అనబోయేలోగా పెద్దమ్మ ముందుకొచ్చి, భుజం మీది దుప్పటి తీసి, నాలుగు మడతలూ అవ్వ ముందే విప్పి, ఒక్క దులుపు దులిపింది. ఎండలో ఆరిన బట్ట వాసన గదంతా వచ్చింది. దుప్పటి మంచం మీద పడింది. పెద్దమ్మ తలవైపు నుంచి కాళ్ళవైపు అరచేత్తో ఒకసారి సాఫు చేసి పక్కకు జరిగింది.

"కూసో అవ్వా" అంది.

అవ్వ కూర్చోలేదు. దుప్పటి అంచు వేళ్ళ మధ్య పెట్టి చూసింది. "ఎవలు నేసిండ్రు?"

"మా బాపు" అన్నాను.

"ఉతికింది?"

"నేనే అవ్వా. పొద్దుగాల్నే తెచ్చిన" అంది పెద్దమ్మ.

అవ్వ కూర్చుంది. కాసేపటికి కాళ్ళు పైకి పెట్టుకుంది. వెనకాల పరుపుచుట్ట భుజం మీద మోస్తూ నిలబడిన పిల్లవాడు, "అవ్వా, బిస్తర్ యాడ ఇప్పాలె?" అన్నాడు.

"గా వరండల గోడకు పెట్టు. చాయ్ తెమ్మను" అంది అవ్వ.

నాకు ఏడుపొచ్చింది. మేనేజరు ఏడవకూడదని వరండాలోకి పోయాను. ఒకటో గదిలో అవ్వ మంచం మీద కూర్చుందన్న కబురు నా కంటే ముందు పన్నెండో గదికి చేరిపోయింది. పెద్దమ్మా కోడళ్ళూ గది తర్వాత గదికి వెళ్ళి పరుస్తుంటే, పెండ్లివాళ్ళు గుమ్మంలో నిలబడి తమ వంతు కోసం చూస్తున్నారు. ఒకాయన తన మంచం మరచిపోతారేమోనని రెండుసార్లు గుర్తుచేశాడు.

రెండు రోజులూ వరండా గోడవెంట పరుపుచుట్టలు కట్టిన తాడు కట్టినట్టే ఉండిపోయాయి. సేటు వచ్చి ఆ చివర నుంచి ఈ చివర దాకా నడుస్తూ ఒక్కొక్క ముడినీ వంగి చూశాడు. ఒక్కటి కూడా విప్పలేదు. నన్ను ఏమీ మెచ్చుకోలేదు. మెట్లు దిగి, కింద పెట్టించిన గోనెసంచుల కట్టలను బండికెత్తించి, "బస్తాలు వేరే జాగల ఏస్త" అన్నాడు. నాకు అది సన్మానం కంటే ఎక్కువ. ఆ సాయంత్రమే బాపుకు కార్డు రాశాను, నువ్వు నేసిన దుప్పట్ల మీద ఇవాళ ఒక పెండ్లి మొత్తం నిద్రపోయిందని. జవాబుగా ఉత్తరం రాలేదు. వారం తర్వాత బస్సు మీద ఇంకో రెండు డజన్లు వచ్చాయి.

ఆ తర్వాత మా లాడ్జీలో అదే పద్ధతి. అతిథి వచ్చాకే, అతిథి చూస్తుండగానే పక్క పరవడం. కచేరీ వాయిదాలకు వచ్చేవాళ్ళు వరండా మానేసి మా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఆ మొదటి పట్వారీ కూడా వచ్చాడు. ఈసారి ఎవరు పోయారని అడగలేదు. పెద్దమ్మ వెనక తలుపు మానేసి ముందు తలుపు నుంచే రావడం మొదలుపెట్టింది. ఆమెను అంతకు ముందు వెనక నుంచి రమ్మన్నది నేనే. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పెండ్లివాళ్ళ బస్సు వెళ్ళిపోయిన మధ్యాహ్నం సంగతి చెప్పి ముగిస్తాను. గదులన్నీ ఖాళీ. పెద్దమ్మ మాసిన దుప్పట్లు మూట కట్టి మెట్ల మీద కూర్చుంది. రెండు రోజులుగా ఆమె నడుం వాల్చలేదు.

"సారూ, మద్రాసుల నేర్సిన పరుసుడు ఎట్లుంటది? ఒకపారి పరిసి సూపియ్యి" అంది.

"ఎవరికి?"

"నాకే. చిన్నప్పటి సంది ఊరందరికీ పరుస్తున్న. నాకైతె ఎవలూ పర్వలే."

ఆమెను ఒకటో నంబరు గదికి తీసుకెళ్ళాను. ఉతికిన దుప్పటి ఆమె ముందే విప్పి దులిపాను. నేను నేర్చుకున్నదంతా చూపించాను. నాలుగు మూలలూ కవరులా మడిచి బిగించి, దిండు గలేబు సర్ది, పక్కకు జరిగి నిలబడ్డాను. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా ఎక్కి పడుకుంది. కాళ్ళు అటూ ఇటూ కదిపింది.

"కాళ్ళు కట్టేసినట్టున్నది సారూ" అని, నేను అంత కష్టపడి బిగించిన మడతను ఒక్క తాపుతో ఊడదీసింది. అటు తిరిగి, నేను దిండు సరిచేసేలోపే నిద్రపోయింది.

తలుపు దగ్గరగా వేసి కిందికి వచ్చాను. మున్షీ సాబ్ అంతా వినే ఉంటారు. రిజిస్టరు తెరిచి ఒకటో నంబరు గదికి ఎదురుగా ఆమె పేరు రాశారు, పూర్తి పేరు, పెద్ద అక్షరాలతో. ఊరు రాశారు. వృత్తి దగ్గర నా వైపు చూశారు.

"ఉస్తాద్ అని రాయున్రి" అన్నాను.

రాశారు. వచ్చిన పని దగ్గర ఆయన కలం ఆగింది. కచేరీ కాదు, దవాఖాన కాదు, పెండ్లి కాదు. ఆ రిజిస్టరులో అంతకు ముందు ఎవరికీ రాయని మాట ఒకటి రాసి, సిరా ఆరేదాకా ఊదారు. నాకు ఉర్దూ చదవడం రాదు. ఏం రాశారని అడిగాను.

"ఆరామ్" అన్నారు మున్షీ సాబ్.